మీగడ రంగు జవాబు

ఇంగ్లండులోని లెస్టర్‌లో మా తెలుగు కుటుంబాల సంఘానికి ఒక వెబ్ పేజీ ఉండేది. దాన్ని తయారు చేసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, ఎవరో ఒకరికి అంటగట్టాలి కాబట్టి దాన్ని నాకు అంటగట్టాడు. 2011 ప్రాంతం అనుకుంటాను. నేను అప్పటికి మా ఆయన హాస్పిటల్ డ్యూటీల రోటా చుట్టూ వంటనీ నిద్రనీ సర్దుకుంటూ, మా వీధి చివరి జీపీ సర్జరీలో, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్కులో, సగంపూట రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. అంతకుముందు తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పాను. "లెక్కల మేడమ్‌కి ఇదెంత అక్కా, చిటికెలో పని" అన్నాడతను. పొగిడితే పడిపోయే గుణం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. సరేనన్నాను.

నా లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం వేసి ఇచ్చాడు. వెబ్ పేజీ అంటే నిజానికి కోడ్ రాయాలి. ఈ ప్రోగ్రాంలో ఆ బాధ లేదట. తెల్ల కాగితంలాంటి తెర మీద మనకి కావలసినట్టు టైపు చేసుకోవచ్చు, బొమ్మలు పెట్టుకోవచ్చు, రంగులు వేసుకోవచ్చు. మనం ఏం చేస్తే దానికి తగ్గ కోడ్ అదే వెనకాల రాసుకుంటుంది. "వర్డ్‌లో లెటర్ టైప్ చేస్తారు కదా, ఇదీ అంతే. కోడ్ గురించి మీరసలు తెలుసుకోనక్కర్లేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండే మాటలు కొన్ని ఉన్నాయి. "నీకెందుకులే" అనేది వాటిలో మొదటిది. "తెలుసుకోనక్కర్లేదు" దాని తోబుట్టువు. అయినా పని కొత్త కదా అని నోరు మూసుకున్నాను. తెర అడుగున రెండు చిన్న ట్యాబులుండేవి, ఒకటి డిజైన్, రెండోది సోర్స్. మొదటిరోజే పొరపాటున సోర్స్ మీద నొక్కాను. తెరనిండా కోణాల గుర్తులు, వాటి మధ్య ఇరుక్కున్న ఇంగ్లీషు ముక్కలు. ఏదో పాడుచేశాననుకుని హడలిపోయి డిజైన్‌లోకి వచ్చిపడ్డాను. తర్వాత చాలాకాలం అటు తొంగిచూడలేదు.

డిజైన్‌లో మాత్రం నా ఆటలు ఇన్నీ అన్నీ కావు. పేజీ అంతా మీగడ రంగు పరిచాను. అక్షరాలకి మెరూన్ వేశాను. ఏదైనా కాస్త కుడివైపుకి జరపాలంటే స్పేస్ బార్ మీద బొటనవేలు పెట్టి టకటకా కొట్టేదాన్ని, అది బుద్ధిగా జరిగేది. పేజీని మూడు నిలువు గళ్ళుగా చేసి, ఒక్కో గడిలో ఒక్కో సంగతి సర్దాను. తెర మీద తెలుగు అక్షరాలు ఆ రోజుల్లో పుల్లల్లా ఉండేవి, నాకు నచ్చేవి కావు. అందుకని శీర్షికలన్నీ వేరేచోట లావుపాటి అక్షరాలతో బొమ్మలుగా చేసి తెచ్చి అతికించాను. మనవాళ్ళకి ఇదొక అలవాటు. పెళ్ళి శుభలేఖైనా, సత్యనారాయణ వ్రతం పిలుపైనా, తెలుగులో నాలుగు ముక్కలు పంపాలంటే బొమ్మ చేసి పంపేస్తాం. నేనూ అదే చేశాను, నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

పేజీలో జనం ఎదురుచూసేది పొడుపు కథల గడి కోసం. అది ఎలా మొదలైందంటే, సంఘం వాళ్ళం నెలకోసారి ఒక హాలు తీసుకుని, తలా ఒక వంట చేసుకుని కలిసేవాళ్ళం. అక్కడ పిల్లలకి పొడుపు కథలు వేద్దామని ఎవరో సరదా పడ్డారు. కవ్వం, రోకలి, జల్లెడ ఎప్పుడూ చూడని పిల్లలు వాటి మీద పొడుపు కథలు ఎలా విప్పుతారు? బిక్కమొహాలేసుకుని చూశారు. అప్పుడు వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన గొంతెత్తాడు. "వారానికోసారి వీధిలోకొస్తుంది, కడుపు ఖాళీ చేసుకుని ఇంటికెళ్తుంది. ఏంటర్రా అది?" పిల్లలు ఒక్క క్షణం ఆగి "బిన్!" అని హాలు ఎగిరిపోయేలా అరిచారు. కౌన్సిల్ వాళ్ళ చెత్తడబ్బా మీద తెలుగులో పొడుపు కథ పుట్టడం నాకు తెగ నచ్చింది. ఆ రోజు నుంచి ఈ దేశపు వస్తువుల మీద కొత్త పొడుపు కథలు కట్టడం నా పని, వాటిని రెండు వారాలకొకటి పేజీలో పెట్టడం కూడా నా పనే.

జవాబు ఎక్కడ పెట్టాలన్నది చిక్కు. కిందే పెడితే కన్ను ముందు అక్కడికే పోతుంది. ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. జవాబుకీ మీగడ రంగే వేశాను. మీగడ మీద మీగడ, ఏమీ కనిపించదు. కావాలనుకున్నవాళ్ళు మౌస్‌తో ఆ ఖాళీ చోటు మీద గీస్తే జవాబు నీలంగా తేలుతుంది. ఈ తెలివికి నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను. మా ఆయనకి చూపిస్తే "బావుంది" అన్నాడు. సంఘం సెక్రటరీ ఆంటీ ఫోన్ చేసి "సూపర్‌గా ఉందమ్మా" అంది. అందరూ బావుందన్నారు. బాగాలేదని మొహమ్మీద చెప్పే తెలుగువాణ్ణి నేను చూడలేదు. మన మొహమాటం అలాంటిది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తురాలేదు.

బిన్ పొడుపు కథ వేసిన పెద్దాయన రిటైరైన డాక్టరు. గుడివాడ దగ్గరివాళ్ళు. డెబ్భైల్లో వచ్చి, ఇక్కడే ముప్ఫై ఏళ్ళు జీపీగా చేసి, ఈ ఊళ్ళో సగంమంది గొంతుల్లోకి టార్చి వేసి చూసినవాడు. అందరికీ ఆయన అంకుల్, వాళ్ళావిడ ఆంటీ. ఆయన కూడా ఓ ఆదివారం హాల్లో నా చెయ్యి పట్టుకుని "పేజీలో రంగులు చాలా బావున్నాయమ్మా" అన్నాడు. మిగతావాళ్ళు వంద చెప్పినా అంత పొంగలేదు. ఆయనకి పొడుపు కథలంటే ప్రాణమని అందరికీ తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వాళ్ళింటికి గోంగూర ఇవ్వడానికి వెళ్ళాను. ఆంటీ తలుపు తీసి, నన్ను వంటింట్లోకి లాక్కుపోయి కూర్చోబెట్టి, గొంతు తగ్గించింది.

"నీ పేజీ మా ఇంట్లో కొట్లాటలు పెడుతోందే."

నాకు అర్థం కాలేదు.

"ఆయనకి కంటిచూపు సరిగ్గా నడిమధ్య పోయింది కదా. అంచులే మిగిలాయి. నిన్ను చూస్తే నీ చెవులూ జుట్టూ కనిపిస్తాయి గానీ మొహం కనపడదు. చదవడం ఎప్పుడో ఆగిపోయింది. నీ పొడుపు కథలు నేనే చదివి పెట్టాలి."

"చదవండి మరి, దానికి కొట్లాటెందుకు?"

"నాకు ఆగదే! ప్రశ్న చదువుతుంటేనే జవాబు నోట్లోకొచ్చేస్తుంది. రెండో ముక్క పూర్తవకుండానే అనేస్తా. ఆయనకి చిర్రెత్తుకొస్తుంది. మొన్న గొడవయ్యాక ఇంక చదవొద్దన్నాడు. పదిహేనురోజులయింది, అడగడంలేదు. నేనూ చదవలేదు." ఆవిడ గోంగూర కట్ట విప్పి ఆకులు తుంచడం మొదలుపెట్టింది. "బ్యాంకు కాగితం నేనే చదవాలి, మందు సీసా మీద నేనే చదవాలి, టీవీలో ఎవరొచ్చారో నేనే చెప్పాలి. దేనికీ ఏమీ అనడు. ఇదొక్కదానికే ఇంత పట్టుదలేంటో."

ముందు గదిలోంచి అంకుల్ గొంతు వినిపించింది. "నాకు వినబడుతోందోయ్." మేమిద్దరం వెళ్ళాం. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, తెర వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి. అంచుచూపుతో చూడాలంటే అలా తిరగాలని నాకు తర్వాత తెలిసింది. "పట్టుదల కాదమ్మా" అన్నాడు నాతో. "నా దగ్గరికి వచ్చేవన్నీ ఎవరో ఒకరు విప్పేసి ఇచ్చేవే. కవరూ వాళ్ళే విప్పుతారు, కబురూ వాళ్ళే విప్పుతారు. ఒక్క పొడుపు కథయినా ముడి విప్పకుండా నా చేతికి రావాలని. అంతే."

ఏమనాలో తోచనప్పుడు నేను ప్రశ్నలు అడుగుతాను. మరి ఈ కంప్యూటర్‌తో ఏం చేస్తారు అంకుల్ అన్నాను. చూపు తగ్గినవాళ్ళ కోసం పనిచేసే ఒక ట్రస్టు నుంచి వాలంటీరు వచ్చి, తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం పెట్టి, మీటలు నేర్పి వెళ్ళాడట. ఆయన ఒక ఇంగ్లీషు పేపర్ తెరిచి చూపించాడు. ఆ గొంతు ముహూర్తం మించిపోతుంటే పురోహితుడు మంత్రాలు లాగించినట్టు చదువుకుపోతోంది. నాకు ఒక్క మాట అందలేదు, ఆయనకి మాత్రం అన్నీ అందుతున్నాయి. శీర్షిక నుంచి శీర్షికకి ఒక్క మీటతో దూకుతున్నాడు. నచ్చనిది దాటేస్తున్నాడు. నాకంటే త్వరగా పేపర్ తిరగేస్తున్నాడు. నోరు తెరుచుకుని చూశాను.

"నా పేజీ తెరవండి అంకుల్" అన్నాను.

"ఎందుకులేమ్మా."

"నీకెందుకులే" లాంటి మాట అది. పట్టుపట్టాను. తెరిచాడు. గొంతు నెమ్మదిగా పెట్టాడు, నా కోసం. అది ఇలా చదివింది: గ్రాఫిక్, అయ్యో ఫైనల్ టూ డాట్ జేపెగ్. గ్రాఫిక్, అయ్యో ఫైనల్ త్రీ కొత్తది డాట్ జేపెగ్. టేబుల్. బ్లాంక్. బ్లాంక్. బ్లాంక్. ఆ తర్వాత తెలుగు వచ్చినచోటల్లా లెటర్, లెటర్, లెటర్ అని నత్తి పెట్టింది.

ఆ అయ్యోలు నావే. శీర్షికల బొమ్మలు కుదరక విసుక్కుంటూ పెట్టుకున్న ఫైలు పేర్లవి, ఎవరి చెవినా పడతాయనుకోలేదు. ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు సిగ్గు ముందొచ్చిందో కోపం ముందొచ్చిందో తెలియదు గానీ, కోపమే బయటికొచ్చింది. "మరి బావుందని ఎందుకన్నారు అంకుల్?" అని గట్టిగానే అడిగాను.

"రంగులు బావున్నాయన్నాను. రంగులు నాకు కనిపిస్తాయమ్మా" అన్నాడాయన. అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను బయల్దేరుతుంటే గుమ్మంలో ఇంకో మాట అన్నాడు. "ఇందులో తెలుగు గొంతు కూడా ఉందని చెప్పాడు వాలంటీరు. నా దగ్గర మాత్రం ఇంతవరకు నోరు విప్పలేదు. ఏం కోపమొచ్చిందో దానికి."

బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ అదే ఆలోచన. తెలుగు వచ్చిన గొంతు తెలుగు కనబడితే ఎందుకు మాట్లాడదు? నేను తెర మీద ఇంత శుభ్రంగా తెలుగులో పెడితే, అది బ్లాంక్, బ్లాంక్ అని ఎందుకు చదివింది? అది చూస్తున్నది నేను చూస్తున్న పేజీ కాదా? మరి ఏ పేజీ?

మర్నాడు మధ్యాహ్నం, మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పైన గురకపెడుతుంటే, కింద డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి సోర్స్ నొక్కాను. ఈసారి పారిపోలేదు. పెళ్ళిలో బంతిభోజనాల పందిరి వెనక్కి వెళ్ళి వంటల షెడ్డు చూసినట్టే ఉంది. ముందర అరిటాకులు, పన్నీరు. వెనక పొగ, మసిగుడ్డలు, తొక్కలు. నేను స్పేస్ బార్ మీద కొట్టిన ప్రతి దెబ్బకీ అక్కడ ఒక వింత గుర్తు బారులు తీరి ఉంది. గళ్ళు సర్దడానికి ఊరికే వదిలిన ఖాళీ గడులన్నీ నిజంగానే గడులుగా నిలబడి ఉన్నాయి. బ్లాంక్ అన్నది వాటినే. ఒక మాటకి మెరూన్ రంగు వేసి, తీసి, మళ్ళీ వేసినందుకు దాని చుట్టూ మూడు పొరలు చుట్టి ఉన్నాయి. ప్రోగ్రాం నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. నేను మనసు మార్చుకున్నవన్నీ కూడా దాచిపెట్టింది.

భయం పోయింది. భయం పోతే నాకు మిగిలేది కుతూహలమే. కాలేజీలో పిల్లలకి చెప్పేదాన్ని, లెక్క తేడా వస్తే అన్నీ ఒకేసారి మార్చకండి, ఒక్కటి మార్చి ఏమవుతుందో చూడండి అని. ఇప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. ఒక గుర్తు చెరిపి డిజైన్‌లోకి వెళ్ళి చూడటం, మళ్ళీ వచ్చి ఇంకోటి చెరపడం. ఒకటి తీస్తే ఏమీ కాలేదు. ఇంకోటి తీస్తే పేజీ మొత్తం ఎడమవైపుకి ఒరిగిపోయింది. మా ఆయన లేచొచ్చి అన్నం పెట్టమంటే, కుక్కర్ పెట్టడమే మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

కొన్ని రోజులు అదే పిచ్చి. బ్రౌజర్‌లో ఎవరి పేజీనైనా సోర్స్ తెరిచి చూడవచ్చని కనిపెట్టాక ఇంక పట్టపగ్గాల్లేవు. వంటల పేజీలు, పంచాంగాల పేజీలు, ఎవరెవరి షెడ్లలోకో దూరి చూశాను. అలా చూస్తుంటే ఒక తెలుగు పేజీలో అన్నిటికంటే పై వరుసలో ఒక చిన్న తేడా కనిపించింది. పేజీ మొదట్లోనే నాది ఫలానా భాష అని చెప్పుకునే మాట ఒకటుంటుంది. అక్కడ తెలుగుకి గుర్తుగా రెండక్షరాలున్నాయి. పరుగున వచ్చి నా పేజీ చూశాను. నాది ఇంగ్లీషు అని ఉంది. నేను రాయలేదు. ప్రోగ్రాం తనంతట తానే రాసేసింది, నన్నొక్క మాట అడగకుండా. పేజీ అంతా తెలుగే, నుదుట మాత్రం ఇంగ్లీషని రాసి ఉంది. ఆ గొంతు పాపం నుదుటిరాత నమ్మింది!

ఆ రెండక్షరాలు కొట్టేసి తెలుగు గుర్తు పెట్టాను. డిజైన్‌లోకి వెళ్ళి చూస్తే వెంట్రుకవాసి మార్పు లేదు. అదే మీగడ, అదే మెరూన్. కంటికి ఏమీ కనపడని పని చేసి ఇంత సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి. శీర్షికల బొమ్మలు తీసేసి మామూలు అక్షరాలు పెట్టాను, పుల్లలైతే పుల్లలే అనుకుని. ఖాళీ గడులన్నీ ఊడ్చేశాను. ఆ శనివారం వాళ్ళింటికి వెళ్ళాను.

అంకుల్ పేజీ తెరిచాడు. గొంతు తెలుగులో మాట్లాడింది. అది తెలుగని ఒప్పుకోవడానికి కాస్త పెద్దమనసు కావాలి. ఒత్తులు మింగేస్తోంది, దీర్ఘాలు తోచినచోట తీస్తోంది, గొంతుకి పడిశం పట్టినట్టుంది. కానీ తెలుగే. అంకుల్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమోయ్! ఇలా రా! మాట్లాడుతోంది!" అని కేకపెట్టాడు. ఆంటీ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ష్, ఉండు, పొడుపు కథ వస్తోంది" అన్నాడాయన చెయ్యెత్తి.

గొంతు చదివింది: "ఎండొస్తే మూల పడుకుంటుంది, వానొస్తే వీధికెక్కుతుంది, గాలొస్తే వెనక్కి విరుచుకుంటుంది." ఊపిరైనా పీల్చకుండా తర్వాతి ముక్క కూడా చదివేసింది. "గొడుగు."

ఆంటీ విరగబడి నవ్వింది. "చూశారా! అది కూడా ఆగలేకపోయింది! నన్ను తిట్టారుగా, ఇప్పుడు దాన్ని తిట్టండి!" అంకుల్ నవ్వలేదు. మెల్లగా కూర్చున్నాడు. "పర్లేదులేమ్మా. తెలుగు వినిపించావు, అదే పదివేలు" అన్నాడు. ఆ పర్లేదు విని నాకు ఏడుపొచ్చినంత పనయింది. చంటిపిల్లాడికి లడ్డూ చూపించి లాక్కున్నట్టు చేశాను.

నేను అంత మురిసిపోయిన మీగడ రంగు జవాబు కొట్టిన దెబ్బ అది. రంగు దాచేది కంటి నుంచే. వెనక పేజీలో రాసింది రాసినట్టే ఉంటుంది, ఏ రంగులో రాశానన్నది దానికి లెక్కలేదు. ప్రశ్న పక్కన జవాబుంటే ప్రశ్న తర్వాత జవాబే వస్తుంది. దాచాలంటే నిజంగానే వేరేచోట పెట్టాలి. ఆ సంగతి ముందే ఎందుకు తట్టలేదా అని నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

జవాబు కోసం ఇంకో పేజీ చేశాను. ప్రశ్న కింద "జవాబు" అని ఒక లింకు మాత్రం ఉంచాను. అది నొక్కితే తప్ప అక్కడికి వెళ్ళలేరు. పనికి పట్టిన సమయం తక్కువే గానీ ప్రోగ్రాంతో పెట్టుకున్న పోట్లాట ఎక్కువ. సోర్స్‌లో నేను చేత్తో రాసింది, డిజైన్‌లోకి వెళ్ళి ఒక్క అక్షరం ముట్టుకుంటే చాలు, దానికి నచ్చినట్టు దిద్దేసేది. నేను తీసేసిన ఖాళీ గడి మళ్ళీ తెచ్చి పెట్టేది. అత్తగారు సర్దిన వంటింటిని కోడలు సర్దడం, కోడలు సర్దిన దాన్ని అత్తగారు మళ్ళీ సర్దడం లాగా సాగింది కొన్నాళ్ళు. చివరికి నేను డిజైన్ వైపు వెళ్ళడం మానేశాను. అన్నీ సోర్స్‌లోనే రాసుకున్నాను. శీర్షికని ఇది శీర్షిక అని చెప్పి రాశాను, అంకుల్ మీట నొక్కితే తిన్నగా పొడుపు కథ మీదికి దూకేలా. మీగడ రంగూ మెరూనూ మాత్రం ఉంచాను. అవి ఆయనకి కనిపిస్తాయి కదా.

పేజీ చూసి సెక్రటరీ ఆంటీ ఫోన్ చేసింది. "ఏంటమ్మా, బోసిపోయింది? ఇదివరకు లావు అక్షరాలతో ఎంత కళగా ఉండేది! కమిటీలో కూడా అంటున్నారు." ఇన్నేళ్ళ మొహమాటమంతా ఆ రోజు తీర్చుకున్నాను. "ఇదివరకు కళ్ళున్నవాళ్ళకే ఉండేది ఆంటీ. ఇప్పుడు అందరికీ ఉంది. ఇలాగే ఉంటుంది" అన్నాను. ఆవిడ ఒక నెల నాతో ముభావంగా ఉంది. ఉండనీ అనుకున్నాను.

కొత్త పొడుపు కథ పెట్టిన ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అంకుల్ నన్ను గదిలోకి కూడా రానివ్వలేదు. "మీరిద్దరూ అటు వెళ్ళండి" అని తలుపు మూసుకున్నాడు. వంటింట్లో ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "ఏం పెట్టావే? చెప్పవే. నేను అననులే." చెప్పాను. "నీళ్ళు తాగుతుంది గాని దాహం లేదు, తడిబట్టలు మోస్తుంది గాని గాడిద కాదు. చలికాలం చుట్టాలెక్కువ, ఎండాకాలం పలకరించే దిక్కు లేదు."

నేను పూర్తిచెయ్యకముందే "రేడియేటర్" అంది ఆవిడ. వేడినీళ్ళు పారించి గదుల్ని వెచ్చబెట్టే, ఇక్కడ ప్రతి ఇంటి గోడకీ ఉండే ఇనప పలక అది. వెంటనే తలుపు వైపు చూసి నాలిక కరుచుకుంది. అక్కడిదాకా వినపడలేదు.

తలుపు వెనక ఆ పడిశం గొంతు పొడుపు కథ చదవడం వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆగింది. ఈసారి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆంటీ కూర్చోలేకపోయింది. ఉన్న నాలుగు గిన్నెలూ తోమింది, స్టవ్ తుడిచింది, టీ పెట్టి వడపోయడం మర్చిపోయింది. "జవాబు నొక్కేశాడేమో" అంది. నొక్కితే గొంతు వినపడేది కదా అన్నాను. "రాలేదేమో మరి. రాకపోతే మనసు కష్టపెట్టుకుంటాడే. వెళ్ళి చెప్పేసి రానా?" అంటూ రెండుసార్లు గుమ్మందాకా వెళ్ళింది. రెండుసార్లూ తనంతట తనే వెనక్కి వచ్చింది. నేను ఆపలేదు. ఆవిడకి అదెంత కష్టమో కనిపిస్తూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. అంకుల్ గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నవ్వు ఆపుకుంటున్నాడు.

"జవాబు నొక్కలేదు" అన్నాడు ముందుగా నాతో. తర్వాత ఆంటీ ఉన్నవైపు తిరిగి, "ఏమోయ్, ఒక పొడుపు కథ వేస్తాను, చెప్పుకో చూద్దాం" అని మొత్తం అప్పజెప్పాడు. నీళ్ళూ, దాహం, తడిబట్టలు, గాడిద, చుట్టాలు, ఒక్క మాట పొల్లుపోకుండా.

ఆంటీ పెదాలు కదిలాయి. ఆ మాట ఆవిడ నోటిదాకా రావడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ దాన్ని గుటుక్కున మింగేసింది.

"ఏమోనండీ" అంది. "నాకేమీ తట్టడంలేదు. మీరే చెప్పండి."

"రేడియేటర్!" అన్నాడు అంకుల్, అరచేత్తో గోడ మీద చరుస్తూ.

"అబ్బ, నిజమేనండీ! నాకసలు తోచనే లేదు" అంది ఆంటీ. అని అటు తిరిగి సింకు దగ్గరికి వెళ్ళి, కుళాయి పెద్దగా తిప్పి, అలాగే నిలబడింది. కడగడానికి అక్కడ ఒక్క గిన్నె కూడా లేదు.